గొట్టాల అడుగున చుట్టాలు

చర్చి ఆర్గన్‌ను శ్రుతి చేయాలంటే ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు దాని కడుపులోకి దూరి, గాలికి పలికే గొట్టాల మధ్య నిలబడాలి. ఇంకొకరు బయట బల్ల మీద కూర్చుని ఒక్కో మెట్టూ నొక్కి పట్టుకోవాలి. ఆర్గన్ మేస్త్రికి ముప్పై ఒక్క ఏళ్లపాటు ఆ రెండో మనిషి ఆయన భార్యే. ఆమెను దేవుడు పిలుచుకుని రెండేళ్లయింది. ఇప్పుడా పని ఒక సీసపు దిమ్మ చేస్తోంది.

మెట్టు మీద గీత పడకుండా ఆ దిమ్మకు ఆమె పాతచీర ముక్క చుట్టుకున్నాడు. దాన్ని మెట్టు మీద పెట్టి, పక్కనున్న సన్న తలుపులోంచి లోపలికి వెళ్లి, నిచ్చెన ఎక్కి, గొట్టం పలుకు సరిచేసి, మళ్లీ నిచ్చెన దిగి, బయటికొచ్చి దిమ్మను పక్క మెట్టు మీదికి జరపాలి. వరుసకు యాభై నాలుగు మెట్లు. సాయంత్రమయ్యేసరికి మోకాళ్లు మొరపెట్టుకునేవి.

ఆమె ఉన్న రోజుల్లో ఇంత తంటా లేదు. లోపలినుంచి చెక్క మీద ఒక్కసారి తడితే పక్క మెట్టు, రెండుసార్లు తడితే అదే మళ్లీ. పదేళ్లు గడిచాక ఆ తట్టడం కూడా అక్కర్లేకపోయింది. ఎప్పుడు జరపాలో ఆమెకే తెలిసిపోయేది. ఎలా తెలుస్తుందని అడిగితే, మీరు ఊపిరి వదులుతారు కదండీ అనేది. అంత పెద్ద వాద్యం హోరెత్తుతుంటే నా ఊపిరి నీ చెవిన ఎలా పడిందే అని ఆయన నవ్వేవాడు.

ఇంకో సంగతి. గొట్టాన్ని చేత్తో ముట్టుకుంటే ఆ వేడికి దాని స్వరం కాస్త హెచ్చుతుంది. ముట్టుకున్న వేడి పోయేదాకా ఆగి, అప్పుడు వినాలి. ఆ ఆగే రెండు మూడు నిమిషాల్లోనే వాళ్ల సంసారం సగం నడిచింది. వానకు కారే కప్పు, వంటింటి కిటికీకి తెర, అక్కగారి కాలినొప్పి, అన్నీ ఆయన లోపలా ఆమె బయటా ఉండి, ఒకరి మొహం ఒకరు చూడకుండానే మాట్లాడుకున్నవి. కిటికీ తెర సంగతి మాత్రం తేలలేదు. గళ్లదా పూలదా అన్నదగ్గరే ఆగిపోయింది.

ఇక ఇప్పుడు చేతిలో ఉన్న ఆర్గన్ మాట. నూట ముప్పై ఏళ్ల నాటిది. నాలుగు వరుసలు, రెండు వందల పదహారు గొట్టాలు. కొన్ని మనిషికి రెండింతల ఎత్తు, కొన్ని పెన్సిలంత. అది ఉన్న చర్చికి ఆదివారాలు వచ్చేవాళ్లు చివరికి పదకొండు మంది మిగిలారు. కట్టడాన్ని గోదాము కోసం ఎవరో తీసుకున్నారు. పూట ప్రయాణం దూరంలో కొత్తగా కట్టుకున్న చర్చివాళ్లు, ఆర్గన్ మాకివ్వండి, బిడ్డలా చూసుకుంటాం అన్నారు. దాన్ని విప్పి, బాగుచేసి, అక్కడ మళ్లీ నిలబెట్టే పని మేస్త్రికి వచ్చింది. సాయానికి ఎంతమంది కావాలి అని అక్కడి కార్యదర్శి అడిగితే, బరువులు మోయడానికి వడ్రంగి చాలు, గొట్టాల పని నేనొక్కణ్నే చూసుకుంటాను అన్నాడు.

ఆ ఆర్గన్‌తో ఆయనకు పాత లెక్క ఒకటుంది. ఇరవై ఆరేళ్ల కిందట ఆలుమగలిద్దరూ దాన్ని పూర్తిగా విప్పి శుభ్రం చేశారు. ఏ గొట్టం ఏ రంధ్రంలోదో గుర్తు రాసే పని ఆమెది. ఆమె చదువు ఐదో తరగతి. ఆయన వాడే స్వరాల గుర్తులు ఎంత నేర్పినా ఆమె బుర్రకు ఎక్కలేదు. అందులో రెండు వరుసలు అచ్చంగా కవలలు. అదే పొడవు, అదే లావు. రెండో వరుస పలుకు మొదటిదానికంటే వెంట్రుకవాసి పైన ఉంటుంది. రెండూ కలిసి మోగితే స్వరం నీళ్ల మీద వెలుగులా కదులుతుంది. ఏది ఏ వరుసదో కలిసిపోకుండా ఆమె తన దారి తాను కనిపెట్టుకుంది. మొదటి వరుసకు పుట్టిల్లని పేరు పెట్టింది. తాతయ్య, అమ్మమ్మ, నాన్న, అమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, ఇలా పన్నెండు స్వరాలకు పన్నెండుమంది. రెండోది అత్తిల్లు. మామగారు, అత్తగారు, పెద్దబావగారు, తోడికోడలు, మరిది, ఆడపడుచు, అందరూ వచ్చారు. వాళ్ల గొంతు ఎప్పుడూ కాస్త పైనే కదండీ అంది. పన్నెండు అయ్యాక మళ్లీ మొదటినుంచి అదే పన్నెండుమంది. ఆ మలుపుల్ని పెద్దిల్లు, నడిమిల్లు, చిన్నిల్లు అని రాయబోయింది. చర్చిలో చిన్నిల్లు మాట ఎత్తకు తల్లీ, పాస్టరుగారు వింటే నన్ను గేటు దాటిస్తారు అని ఆయన దండం పెడితే, పేర్ల కింద ఒక గీత, రెండు గీతలు, మూడు గీతలు, ఇలా మలుపుకో గీత పెంచుకుంటూ పోయింది.

ఇంతమందిలో నువ్వెక్కడున్నావే అని అడిగితే, ఖాళీ ఎక్కడుందో చూసుకుని కూర్చుంటాలెండి అంది.

పని అయ్యాక, సరిగా చేశారో లేదో చూడ్డానికి పెద్ద సంగీతం మాస్టారు ఒకాయన వచ్చాడు. గొట్టాల మీద పెన్సిల్ రాతలు చూసి కళ్లద్దాలు సవరించుకుని పైకి చదివాడు.

"ఆడపడుచు, మూడు గీతలు. ఏం మేస్త్రీ, ఆర్గన్ బాగుచేశావా, శుభలేఖ అచ్చేశావా?"

ఉన్నవాళ్లంతా నవ్వారు. మేస్త్రి కూడా నవ్వాడు. తర్వాత అందరి ముందే ఆమెవైపు తిరిగి, ఇవన్నీ రేపటికల్లా తుడిచెయ్యి అన్నాడు. ఆ గొంతు ఆయనదే కాదనిపించేలా ఉంది. ఆమె తడిగుడ్డ పట్టుకుని రెండు రోజులు లోపలే కూర్చుంది. తుడిచేశానండి అని వచ్చి చెప్పింది. అప్పటినుంచి దారపు చీటీలు కట్టడం, పుస్తకంలో రాయడం నేర్చుకుంది. చుట్టాల మాట మళ్లీ ఎత్తలేదు. ఆ రోజు అలా అని ఉండకూడదని ఆయనకు చాలాసార్లు అనిపించింది. గొట్టం వేడి పోయేదాకా ఆగిన వేల నిమిషాల్లో ఏదో ఒక నిమిషం ఆ మాట చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు.

ఇప్పుడు చీటీలు కట్టే మనిషి లేదు. చర్చి తాళాలు అప్పగించడానికి మూడు రోజులే గడువు. ఆయన సుద్దముక్క తీసుకుని, ఒక్కో గొట్టం పొట్ట మీద అంకె వేసుకుంటూ, పాత దుప్పట్లలో చుట్టి పెట్టెల్లో పడుకోబెట్టాడు. తుడిస్తే పోతుంది, గొట్టానికి గాయం కాదు అనుకున్నాడు. పుస్తకంలో రాసుకోవాలన్న ఊహే రాలేదు. అది తన పని కాదు కదా మరి. వ్యాను డ్రైవరు పెట్టెలెక్కించేటప్పుడు, లోపల ఏముందండీ అని అడిగాడు. మెత్తటి లోహం, గట్టిగా కుదిపితే వంగిపోతుంది అని చెప్పాడు. ఆ పుణ్యాత్ముడు పూట ప్రయాణాన్ని రోజంతా చేసి, ప్రతి గతుకు దగ్గరా బండి దిగి చూసుకుంటూ వెళ్లాడట. ఒక్క గొట్టం కూడా సొట్టపడలేదు.

మేస్త్రి రెండు రోజులు ఆగి బయల్దేరాడు. ఆర్గన్ ఉన్నచోట నేల మీద దాని ఆకారంలో తెల్లటి మచ్చ మిగిలింది. అక్కడి దుమ్ము ఊడ్చి, తాళం ఇచ్చేసి వచ్చాడు.

కొత్త చర్చి వాకిట్లో కార్యదర్శి ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది. మీరు వచ్చేసరికి మావాళ్లు ఏం చేశారో చూడండి అంటూ లోపలికి తీసుకెళ్లాడు. హాలు పొడవునా నేల మీద తెల్లటి దుప్పట్లు పరిచి, వాటి మీద గొట్టాలన్నీ పెద్దవాటినుంచి చిన్నవాటిదాకా వరుసగా పేర్చి ఉన్నాయి. కొత్త గిన్నెల్లా మెరుస్తున్నాయి. చర్చి ఆడవాళ్లు ఎనిమిదిమంది రెండు రోజులు కూర్చుని, గోరువెచ్చటి సబ్బునీళ్లతో, మెత్తటి గుడ్డలతో ఒక్కోదాన్నీ ఒళ్లో పెట్టుకుని తుడిచారు. దేవుడి మందిరానికి వచ్చే వస్తువు మురికిగా వస్తుందా అని.

సుద్దగీత ఒక్కటీ లేదు.

మేస్త్రి అక్కడే బెంచీ మీద కూర్చున్నాడు. ఎనిమిదిమందీ గోడ పక్కన నిలబడి ఆయన నోటివైపే చూస్తున్నారు. ఒకామె చేతులు సబ్బుకు నాని ఇంకా ముడతలు పడే ఉన్నాయి. ఆయన ఆ చేతులవైపు చూశాడు.

"చాలా బాగా తుడిచారమ్మా" అన్నాడు.

పెద్ద గొట్టాలతో, చెక్క గొట్టాలతో చిక్కు లేదు. రెండు వరుసలు రెండు రోజుల్లో కుదిరాయి. కవలలే మొండికేశాయి. ఒక్కో పొడవుకు రెండేసి చొప్పున నూట ఎనిమిది. పక్కపక్క స్వరాలకు పొడవులో తేడా గోరంత కూడా లేదు. పాతకాలపు మేస్త్రీలు ముగ్గురికి ముగ్గురూ గొట్టాల పొట్ట కింద తమ తమ గుర్తులు గీకి పెట్టారు గానీ, ఒకరి గుర్తుకు ఇంకొకరిది పొసగదు. ఇక మిగిలింది నోటితో ఊది, చెవితో పోల్చుకోవడమే. పొడవు గొట్టాలు అలా తేలాయి. పొట్టివాటి దగ్గరికొచ్చేసరికి ఆయన చేయి ఆగిపోయింది.

అది ఎవరికీ చెప్పని సంగతి. ఆయనకు పైస్వరాలు వినపడక ఆరేళ్లయింది. చిన్న గొట్టం ఊదితే తన ఊపిరి చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. మొదట్లో భార్యకు కూడా చెప్పలేదు. ఆమే కనిపెట్టింది. ఏమీ అడగలేదు. రెండు గొట్టాలు కలవకపోతే స్వరంలో అలలు లేస్తాయి. ఎంత కలవకపోతే అంత గబగబా. ఆమె బయట బల్ల మీద వేలితో ఆ అలల్ని తట్టడం మొదలుపెట్టింది. ఆ తట్టు చెక్కలోంచి ఆయన అరికాళ్లకు తెలిసేది. తట్టు నెమ్మదించి ఆగేదాకా గొట్టాన్ని సవరించేవాడు. మేస్త్రి చెవి అంటే చెవి అని జనం మెచ్చుకుంటుంటే, ఆమె పక్కనే నిలబడి దుమ్ము దులుపుకుంటూ ఉండేది. ఆమె పోయాక పైవరుసల పనులు ఏవో సాకులు చెప్పి వదిలేశాడు. ఈ ఆర్గన్ ఒక్కటే వదులుకోలేకపోయాడు.

ప్రతిష్ఠ ఆదివారానికి తొమ్మిది రోజులుంది. కార్యదర్శి చెడ్డవాడు కాదు, కంగారు మనిషి. పొద్దునా సాయంత్రం వచ్చి గడపలో నిలబడేవాడు. మూడోరోజు మెల్లగా మాట బయటపెట్టాడు. గొట్టాలు ముందు వరుసలో అలా నిలబెడితే చాలు, చూడ్డానికి నిండుగా ఉంటాయి, వెనక ఒక కరెంటు వాద్యం పెడితే సరిపోతుందని కమిటీలో కొందరు అంటున్నారట. మీ కష్టం తెలియక కాదు మేస్త్రిగారూ, జనాన్ని పిలిచేశాం అన్నాడు. ఇంకొక్క రెండు రోజులు చూడండి అన్నాడు మేస్త్రి. చూసి ఏం చేయాలో ఆయనకే తెలీదు. ఊపిరి పోసుకోవాల్సిన గొట్టాలు బొమ్మల్లా నిలబడిపోతాయి. వాటి వెనక ఇంకేదో పాడుతుంది. 

ఆ మధ్యాహ్నం హాల్లో ఎవరూ లేరు. మోకరిల్లడానికి మోకాళ్లు సహకరించక, కూర్చునే ప్రార్థన చేసుకున్నాడు. ప్రభువా, నిజం చెప్పే ధైర్యమివ్వు, అంతే అన్నాడు. కార్యదర్శి రాగానే చెవుల సంగతి చెప్పేసి, సామాను సర్దుకుందామని పనిముట్ల సంచీ దగ్గరికి లాక్కున్నాడు.

చర్చి ఊడ్చే ఆమె టీ ఫ్లాస్కు తెచ్చింది. ఎనిమిదిమందిలో చేతులు ముడతలు పడినామె ఆవిడే. ఈ రోజులన్నీ ఆయన కూర్చునేచోట కుర్చీ మీద మడిచిన దుప్పటి వేసి పెట్టేది, ఆయన లేచి వెళ్లాక తీసేది. ఒక్కనాడూ మాట కలపలేదు. ఆయన సంచీ సర్దడం చూసి ఆగింది.

"అన్నయ్యా, మేం తుడవడం వల్లే కదా?"

ఆయన తల అడ్డంగా ఊపాడు. ఊపి, ఎందుకో అబద్ధమాడలేక, గుర్తులు పోయాయమ్మా, తప్పు నాది, సుద్దతో రాశాను అన్నాడు.

ఆమె ఫ్లాస్కు కింద పెట్టింది.

"సుద్ద రాతలు పోయాయి గానీ, అడుగున చెక్కినవి పోలేదుగా?"

"అవి పాత మేస్త్రీల గుర్తులమ్మా. వాటిని నమ్మడానికి లేదు."

"గుర్తులు కాదన్నయ్యా, మనుషులు. ఎవరో వాళ్లింటివాళ్లందర్నీ రాసుకున్నారు. తుడిచేకొద్దీ తేలారు. అందుకే ఆ చిన్నవాటిని నేల మీద పెట్టబుద్ధి కాక, నా శాలువా పరిచి బల్ల మీద పెట్టాను."

మేస్త్రి భూతద్దం కోసం జేబులన్నీ వెతికాడు. అది మెళ్లోనే వేలాడుతోంది. గొట్టం కొసన, పెట్టె రంధ్రంలోకి దిగిపోయే సన్నటి మొన మీద, ఆయన ఎన్నడూ చూడనిచోట, పిన్నీసుతో గీకిన అక్షరాలు. ఇరవై ఆరేళ్ల మసి ఆ గీతల్లో పేరుకుని, చుట్టూ ఉన్న మురికి పోయేసరికి నల్లగా పైకి లేచాయి. అత్తగారు. కింద నాలుగు గీతలు. 'త' వొత్తు ఎప్పుడూ పక్కకు ఒరిగిపోయేది ఆయన భార్యకు. ఇక్కడా ఒరిగే ఉంది.

పైన రాసింది తుడిచింది. ఆయన తుడవమన్నది అదే. అబద్ధం కూడా కాదు.

చాలాసేపు ఆ గొట్టాన్ని అలాగే పట్టుకుని కూర్చున్నాడు. అది ఆయన చేతివేడికి వెచ్చబడిపోయింది. ఆ చెల్లెమ్మ టీ పోసి పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆయనే చెప్పాడు, ఎవరు రాశారో, ఎందుకు అడుగున రాయాల్సి వచ్చిందో. చెవుల సంగతి కూడా చెప్పాడు. ఆరేళ్లలో ఆ మాట నోటితో అనడం అదే మొదలు.

"నాకు పైవి వినపడవు చెల్లెమ్మా. మెట్లు పట్టే మనిషి కావాలి. వినే మనిషి కూడా కావాలి."

"నాకు సంగీతం రాదన్నయ్యా."

"దానికీ రాదు" అన్నాడాయన.

రెండు రోజుల్లో నూట ఎనిమిదీ వాటి వాటి ఇళ్లకు చేరాయి. ఆమె పేర్లు చదివి అందించేది, ఆయన రంధ్రంలో దించేవాడు. తోడికోడలు, రెండు గీతలు. పిన్ని, రెండు గీతలు. ఒకచోట ఆమె ఆగి, గొట్టాన్ని వెలుతురుకు పట్టుకుంది.

"ఈ ఆడపడుచుకు నోరు కాస్త పెద్దదన్నయ్యా."

"అది ఆ వరుసలోనే ఉంటుందిలే, దించు" అన్నాడు. భార్య ఉంటే ఎలా నవ్వేదో గుర్తొచ్చి, ఆ నవ్వు కూడా తనే నవ్వాడు.

కార్యదర్శికి పేర్లు బయటపడ్డ సాయంత్రమే ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఇదే నా చివరి ఆర్గన్, ఏడాదికోసారి శ్రుతి చూడ్డానికి వేరే మేస్త్రిని మాట్లాడుకోండి, చెవులున్నవాణ్ని అన్నాడు. కార్యదర్శి వెళ్లి ఆయన కోసం ఇంకో దీపం తెచ్చి లోపల తగిలించాడు. ప్రతిష్ఠ ఆదివారం నాడు హాలు నిండా జనం నిలబడి పాడారు. నూట ముప్పై ఏళ్ల ఊపిరి వాళ్ల వెనక నిలబడింది. అప్పటికి మేస్త్రి తలుపు పక్కన ఆఖరి బెంచీలో ఉన్నాడు. కానీ ఆయన పని ముగిసింది మాత్రం ఆదివారం కాదు, దానికి ముందు శుక్రవారం మధ్యాహ్నం.

ఆ రోజు చెల్లెమ్మ బల్ల మీద కూర్చుని మెట్లు పట్టింది. అలలు వస్తే వేలితో తట్టమని చెప్పాడు. మొదట తడబడింది, తర్వాత కుదిరింది. రెండు వరుసలూ పూర్తిగా కలిసిపోకూడదు, మెల్లగా కదులుతూ ఉండాలి, నిద్రపోయేవాళ్ల ఊపిరంత నెమ్మదిగా అన్నాడు. ఒక్కో మెట్టే పైకి వెళ్తూ, ఆఖరిదానికి వచ్చారు.

ఆ ఆఖరి జత పుట్టింటివైపు పెద్దమ్మ, అత్తింటివైపు ఆడపడుచు అయి ఉండాలి. కాదు. ఆ సంగతి వాటిని దించిన రోజే చూశాడు. చూసి, ఆ జతను మాత్రం చెల్లెమ్మ చేత చదివించకుండా తనే దించాడు. చిటికెన వేలంత ఆ రెండు గొట్టాల్లో ఒకదాని మొన మీద 'నేను' అని ఉంది. ఇంకోదాని మీద 'ఆయన' అని ఉంది. ఖాళీ అక్కడ దొరికిందన్నమాట ఆమెకు.

చెల్లెమ్మ మెట్టు నొక్కింది. ఆయనకేమీ వినపడలేదు. 'నేను' అన్న గొట్టం నోటి ముందు వేలు పెట్టి చూశాడు. సన్నటి గాలి, దారమంత, వేలికి తగులుతోంది. పలుకుతోందన్నమాట. పక్కదాన్ని కొద్దిగా సవరించాడు. చెక్కలోంచి తట్టు అరికాళ్లకు వచ్చింది, గబగబా. ఇంకాస్త సవరించాడు. నెమ్మదించింది. చెయ్యి తీసేశాడు.

ఇక వేడి పోయేదాకా ఆగాలి.

ఆ ఇరుకులో, కొత్త దీపం వెలుగులో, అటూ ఇటూ రెండిళ్ల చుట్టాలు నిలబడి ఉన్నారు. ఆయన గొంతు తగ్గించుకుని, కిటికీ తెర పూలదే కుట్టిస్తానులే అన్నాడు. కాసేపాగి, ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది అన్నాడు. బయట మోటారు గాలి ఊదుతున్న చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

వేడి పోయింది. తట్టు ఇప్పుడు బాగా నెమ్మదిగా, నిద్రపోయే మనిషి ఊపిరిలా వస్తోంది. ఆయన ఊపిరి వదిలాడు. వదిలి, అలవాటుకొద్దీ చెక్క మీద ఒక్కసారి తట్టాడు.

బయటినుంచి చెల్లెమ్మ గొంతు వినపడింది.

"ఇక మెట్లు లేవన్నయ్యా. ఇదే ఆఖరిది."

"తెలుసమ్మా" అన్నాడు. అని, కిందికి దిగకుండా ఇంకాసేపు అక్కడే నిలబడ్డాడు. ఆమె మెట్టు వదల్లేదు.